మూడు గాట్లు

పుంటా అరీనాస్‌లో జూన్ నెల పగలు
అగ్గిపుల్ల వెలిగినంత సేపే.
నాలుగున్నరకే ఊరంతా దీపాలు పెట్టుకుంటుంది.
మాకు మాత్రం దీపాలు ఆర్పినందుకే జీతం.

రేవు వీధి చివర, ఉన్ని గోదాము వెనక
రేకుల కప్పు కింద మా ల్యాబ్.
జలసంధి గాలి తలుపును గుంజితే
వెలుతురు ఎక్కడ గీతలా జొరబడుతుందోనని
జ్లాటా మరూసిచ్ గడప దగ్గర
గొర్రెతోలు చుట్ట అడ్డం పెట్టేది.

మొదటి రోజు కెమెరా చూపించలేదు,
సీసాలు చూపించింది.
"పేరు రాయని సీసా ఇక్కడ ఉండకూడదు, నిబాల్దో.
పోసింది నేనే కదా, నాకు తెలీదా అనుకుంటావు.
రేపు పొద్దున వచ్చే నువ్వు వేరే మనిషివి.
వాడి ప్రాణంతో నీకేం ఆటలు?"

పిస్కో సీసాలో ఆమ్లం దాచిన పాత యజమాని కథ
సగం చెప్పి ఆపేసింది.
మిగతా సగం నేనూ అడగలేదు.

"నీళ్లలోకి ఆమ్లం. ఆమ్లంలోకి నీళ్లు కాదు."
రొట్టె తుంచుకుంటూ కూడా అదే మాట.
ఒకసారి నేను టీలో పాలు పోస్తుంటే
గబుక్కున చెయ్యి పట్టుకుంది.
తర్వాత తనకే నవ్వొచ్చింది,
నవ్వుతూ కూడా కాసేపు వదల్లేదు.

అప్పుడు చూశాను ఆ వేళ్లని.
ముప్పై ఏళ్ల మెటాల్.
రబ్బరు తొడుగులు పిరికివాళ్లకని నమ్మిన వయసులో
ఉత్త చేతుల్తో ట్రేలు ఊపిన వేళ్లు.
గోళ్లకి కాఫీ రంగు. మొదట దురదట,
తర్వాత పగుళ్లట.
ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు.

షీటు ఫిల్ముకి ఒక మూల గాట్లుంటాయి.
కటిక చీకట్లో నిలువుగా పట్టుకుంటే
కుడి పైమూల అవి వేలికి తగలాలి:
మందు పూసిన వైపు నీ ముఖం కేసి ఉన్నట్టు.
కళ్లు పనికిరాని చోట
ఫిల్ము మనకు ఇచ్చే ఆనవాలు అదొక్కటే.

ఆ రాత్రి సర్వే ఓడ వాళ్ల ఫిల్ములు, పన్నెండు.
దీపం ఆర్పాం.
పక్కన ఆవిడ బొటనవేలు
అంచు వెంట నడుస్తున్న చప్పుడు.
మూల దాకా వెళ్లింది. వెనక్కొచ్చింది.
మళ్లీ వెళ్లింది.
నాలుగోసారికి చప్పుడు లేదు, ఊపిరి మాత్రమే.

"నిబాల్దో, ఇది చూడు," అంది
ఏమీ కనిపించని ఆ గదిలో.

అంచులు పట్టుకుని అందుకున్నాను.
"మూడు గాట్లు. కుడివైపు."
"సరే" అంది.
దాని గురించి మేం మాట్లాడుకున్నది అంతే.

ఆ సరే బరువుకి నా చెయ్యి తడబడింది కాబోలు,
తర్వాతి షీటుని నల్లకాగితం నుంచి విసురుగా లాగాను.
పొయ్యి వేడికి గదిలో గాలి పెళుసెక్కి ఉంది.
చిటుక్కుమని ఒక నీలి మెరుపు,
నా వేలికీ ఫిల్ముకీ మధ్య.
"మెల్లగా తియ్యాలి," అంది చీకటి.
"నిద్రపోయే పిల్ల మీంచి దుప్పటి తీసినట్టు."

కడిగి ఆరేశాక చూస్తే
ఓడ తెరచాప కొయ్య పైన, ఆకాశంలో
సన్నటి నల్లకొమ్మల చెట్టొకటి,
మా ఊరి చెట్లలాగే ఒక పక్కకే ఒరిగి.

పారేస్తుందనుకున్నాను.
కవరు మీద పెన్సిలుతో రాసింది:
"ఈ చెట్టు మీది కాదు, మాది.
పటంలో వేసుకోకండి."

ఇప్పుడు మందుల దగ్గర తొడుగులు నావే.
తొడుగులు విప్పి, కడుక్కుని,
వేళ్ల సందులు కూడా పొడిగా తుడుచుకుని
అప్పుడే ఫిల్ము ముట్టుకుంటాను.
ఆవిడ మూల స్టూలు మీద కూర్చుంటుంది.

"ఎన్ని?"
"మూడు."
అన్నీ ఒకే పెట్టెలోవి, అన్నిటికీ మూడే.
ఇద్దరికీ తెలుసు.
అయినా షీటు షీటుకీ అడుగుతుంది.
అయినా చెబుతాను.

చివర్న, దీపం వేసేముందు,
"పెట్టె మూత?"
పెట్టాననే అంటాను.
అని, ఇంకోసారి తడిమి చూసుకుంటాను.